వనిల్లా పొడి ధర ఎందుకిలా ఊగుతుంది? బెంగళూరు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

రామమూర్తి నగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని వనిల్లా కాయలు కొని, ఆరబెట్టి, పొడి పట్టి అమ్ముతుంటాం. కొనేవాళ్లలో సగం మంది మనవాళ్లే. హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ బేకరీలు, ఐస్‌క్రీమ్ పార్లర్లు పెట్టుకున్నవాళ్లు, ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద ఇచ్చేవాళ్లు. ఫోన్ ఎత్తగానే అందరూ ముందు రేటే అడుగుతారు. రేటు చెప్పాక మొదలయ్యే ప్రశ్నలే ఇవి.

కిలో వనిల్లా పొడి ఎంత?

ఈ ప్రశ్నకు మేం వెంటనే జవాబు చెప్పం. చెప్పనందుకు కొందరికి కోపం కూడా వస్తుంది. కానీ తేమ ఎంత, వనిలిన్ (వనిల్లా వాసనకు ముఖ్యమైన పదార్థం) ఎంత శాతం, అసలు అది పూర్తి కాయ పొడేనా అన్నవి తెలియకుండా రేటు చెప్తే, బియ్యం ఏ రకమో చెప్పకుండా బస్తా ధర చెప్పినట్టే ఉంటుంది.

వనిల్లా పొడి అనే ఒకే పేరుతో బజారులో నాలుగు రకాల సరుకు తిరుగుతోంది. మొదటిది, క్యూరింగ్ అయిన కాయను, అంటే వాసన వచ్చేలా నెలల తరబడి మగ్గబెట్టి ఆరబెట్టిన కాయను, గింజలతో సహా పొడి పట్టింది. ముదురు గోధుమ రంగులో, వేళ్లకు కొంచెం జిడ్డుగా ఉంటుంది. రెండోది పిప్పి. ఎక్స్‌ట్రాక్ట్ తీసే ఫ్యాక్టరీలు కాయలోని సారమంతా ఆల్కహాల్‌లోకి లాగేశాక మిగిలిన పిప్పిని ఆరబెట్టి పొడి చేస్తాయి. నల్లగా, చూడముచ్చటగా ఉంటుంది, వాసన మాత్రం ఉండదు. ఐస్‌క్రీమ్‌లో నల్ల చుక్కలు కనబడటానికి వాడతారు. అలా చెప్పి అమ్మితే తప్పేం లేదు, చెప్పకుండా అమ్మడంతోనే గొడవ. మూడోది, ఆ పిప్పికే కృత్రిమ వనిలిన్ కలిపింది. నాలుగోది తెల్ల పొడి. అది మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా డెక్స్‌ట్రోజ్ అనే, పిండి నుంచి తీసే తెల్ల పొడులకు ఫ్లేవర్ పట్టించింది. మొదటిదానికీ నాలుగోదానికీ మధ్య ధరలో తేడా రెండింతలో మూడింతలో కాదు, ఎన్నో రెట్లు.

"పక్క షాపులో సగం ధరకే ఇస్తున్నారన్నా" అని ఫోన్ వచ్చినప్పుడల్లా నేను అడిగేది ఒకటే: నాలుగింటిలో ఏది?

కాయ రేటు తెలిస్తే పొడి రేటు మేమే లెక్కేసుకోవచ్చా?

బాగా వేసుకోవచ్చు. లెక్క సులువుగా ఉండటానికి కాయ కిలో 10,000 రూపాయలు అనుకుందాం. ఇది ఇవాళ్టి ధర కాదు, ఉత్త ఉదాహరణ. ఆ కాయలో తేమ 28 శాతం ఉందనుకోండి. నీరు తీసేస్తే 720 గ్రాములు మిగులుతుంది. అంత తేమతో మిల్లులో వేస్తే బ్లేడుకు జీడిలా అంటుకుంటుంది కాబట్టి 8 శాతం దాకా ఆరబెట్టాలి. ఆ తేమ దగ్గర బరువు 783 గ్రాముల దాకా వస్తుంది. మిల్లులో, జల్లెడలో పోయే తరుగు తీసేస్తే చేతికి వచ్చేది 760 గ్రాములు. అంటే కిలో పొడికి కాయ ఖర్చే 13,000 రూపాయలు దాటింది. దాని మీద ఆరబెట్టిన కరెంటు, కూలి, ప్యాకింగ్, ఆపైన మా లాభం.

ఒక్క మెలిక ఉంది. పొడికి ఎవరూ అందమైన పొడుగు కాయలు వాడరు. నున్నగా, నల్లగా, చీలకుండా ఉన్న కాయలు గాజు గొట్టాల్లో హోటళ్లకు పోతాయి. పొడికి చీలినవి, పొట్టివి, ఎర్రబారినవి, వ్యాపారంలో కట్స్ అనే ముక్కలు వాడతాం. చూపుకు మాత్రమే తక్కువ రకం, వనిలిన్ శాతం ఒక్కోసారి పెద్ద కాయ కంటే వీటిలోనే ఎక్కువ. అందుకే హోటల్ రకం కాయ కంటే పొడి చవగ్గా ఉంటే అనుమానపడాల్సిన పని లేదు. అదే కట్స్ ధర కంటే పొడి చవగ్గా ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి.

గుంటూరు మిర్చికి ఉన్నట్టు దీనికి రోజువారీ ధర ఎక్కడా ఉండదా?

ఉండదు. మిర్చికి గుంటూరు యార్డు ఉంది, పసుపుకు దుగ్గిరాల ఉంది, ఏలకులకు బోడినాయకనూరులో వేలం ఉంది. టమాటా పెట్టె ధర పొద్దున మదనపల్లెలో ఎంత పలికిందో మధ్యాహ్నానికి బెంగళూరుకు తెలిసిపోతుంది. వనిల్లాకు అలాంటి యార్డూ లేదు, వేలమూ లేదు, ఫ్యూచర్స్ మార్కెట్టూ లేదు. అంతా ఫోన్లలో, ఇద్దరి మధ్య తేలే బేరమే. మసాలా దినుసుల బోర్డు జాబితాలో వనిల్లా ఉంది కానీ, దేశంలో చేతులు మారే సరుకు అంతా కలిపినా మిర్చి ముందు గుప్పెడే. అందుకే ఒకే వారంలో ఇద్దరు వ్యాపారులు చెప్పే రేట్లకు పొంతన ఉండదు. ఒకరిది పాత స్టాకు, ఇంకొకరిది నిన్న దిగిన సరుకు. అబద్ధం ఇద్దరిలో ఎవరూ చెప్పకపోవచ్చు.

అసలు ధర ఇంతలా ఎందుకు ఎగిరి పడుతుంది?

ప్రపంచంలో పండే వనిల్లాలో సగానికి పైగా ఒక్క మడగాస్కర్‌దే. అందులోనూ ఎక్కువ భాగం ఆ దీవి ఈశాన్య మూలలో ఉన్న సవా ప్రాంతం నుంచే వస్తుంది. మన కోనసీమ కొబ్బరి మీద ప్రపంచమంతా ఆధారపడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక్క తుపాను చాలు.

అదే జరిగింది. 2000లో హుదా అనే తుపాను అక్కడి తోటలను ఊడ్చేసింది. 2002లో ఆ దేశంలో రాజకీయ గొడవలు. 2003 నాటికి కాయ కిలో 400 డాలర్లు దాటింది. అంత ధర చూసి ఉగాండా నుంచి మన కేరళ దాకా అందరూ తీగలు నాటారు. ఆ తీగలన్నీ ఒకేసారి కాపుకు వచ్చేసరికి, కొనే కంపెనీలు కృత్రిమ వనిలిన్‌కు మారిపోయి ఉన్నాయి. 2005 కల్లా ధర 50 డాలర్ల దిగువకు జారింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు అక్కడే నిద్రపోయింది. గిట్టుబాటు కాక రైతులు తోటలు పీకేశారు.

2015లో అమెరికాలో నెస్లే లాంటి పెద్ద కంపెనీలు చాక్లెట్లలో కృత్రిమ ఫ్లేవర్లు మానేస్తామని ప్రకటించాయి. అసలు వనిల్లాకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది, తోటలు చూస్తే లేవు. 2017 మార్చిలో ఎనావో తుపాను సరిగ్గా సవా ప్రాంతం మీదే పడింది. ధర 600 డాలర్ల దాకా పోయింది. అప్పుడు కిలో వెండి కంటే కిలో వనిల్లాకే ఎక్కువ ధర.

ఆ తర్వాతిది ప్రభుత్వం తెచ్చిపెట్టుకున్న చిక్కు. 2020లో మడగాస్కర్ కిలోకు 350 డాలర్ల కనీస ఎగుమతి ధర పెట్టింది, తర్వాత దాన్ని 250కి దించింది. రైతును కాపాడాలన్నదే ఉద్దేశం. కొనేవాళ్లు మాత్రం ఆ ధరకు కొనకుండా పాత నిల్వలతో కాలక్షేపం చేశారు, గోదాముల్లో సరుకు పేరుకుపోయింది. 2023లో కట్టడి ఎత్తేయగానే అందరూ ఒకేసారి అమ్మకానికి దిగారు. కాయ వంద డాలర్ల దిగువకు వచ్చేసింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా మడగాస్కర్ సరుకు మీద 47 శాతం సుంకం ప్రకటించి, కొద్ది రోజులకే దాన్ని ఆపింది. ఆ నాలుగు రోజులూ ఇక్కడ మాలాంటి చిన్నవాళ్లకు కూడా టెన్షనే. అమెరికా కొనకపోతే ఆ సరుకు ఎటు పోతుంది, మన రేటు ఇంకా పడుతుందా అని ఫోన్ల మీద ఫోన్లు.

వీటన్నిటి వెనక ఒక చిన్న లెక్క ఉంది. తీగ నాటితే మూడో ఏట పూస్తుంది. పూత నుంచి కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. క్యూరింగుకు ఇంకో నాలుగైదు నెలలు. ధర చూసి ఇవాళ నాటినవాడి సరుకు దాదాపు నాలుగేళ్లకు బజారుకు వస్తుంది. అప్పటికి ధర ఎక్కడుంటుందో!

కర్ణాటకలోనే పండుతుంది కదా, మనకు దిగుమతి ఎందుకు?

పండుతుంది. ఉత్తర కన్నడ, చిక్కమగళూరు, కొడగు వైపు వక్క తోటల్లో, కాఫీ తోటల్లో అంతర పంటగా ఉంది. కేరళలో ఇడుక్కి, వయనాడ్, తమిళనాడులో పొల్లాచ్చి వైపూ ఉంది. కానీ చాలా తక్కువ.

శిరసి దగ్గర మేం కాయ కొనే ఒక తోట ఉంది. పూత సమయంలో ఒకసారి పొద్దున ఏడింటికే వెళ్లాను. పువ్వు లేత పసుపుపచ్చ, తెల్లారాక విచ్చుకుంటే మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఆ నాలుగైదు గంటల్లోనే మనిషి చేత్తో పరాగం అంటించాలి, లేకపోతే ఆ పువ్వు రాలిపోయినట్టే. ఇంటి యజమానురాలు బాగా చెక్కిన వెదురు పుల్ల ఒకటి పట్టుకుంది. ఎడమ చేత్తో పువ్వు పట్టుకుని, రేకు చీల్చి, లోపల తెరలా అడ్డున్న చిన్న పొరను పుల్లతో పైకి లేపి, బొటనవేలితో పుప్పొడి ముద్దను అవతలి వైపు నొక్కేసింది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. నేను ప్రయత్నించిన మూడు పువ్వుల్లో రెండు చేతిలోనే నలిగిపోయాయి. "మీరు రేటు మాట్లాడుకోండి చాలు" అని నవ్వింది. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు కనిపెట్టిన పద్ధతి ఇది. ఈనాటికీ ఇదే పద్ధతి, యంత్రం రాలేదు. ఆ దీవి పాత పేరు బుర్బోన్, సీసాల మీద బూర్బన్ వనిల్లా అని రాసేది అందుకే. విస్కీతో సంబంధం లేదు, ఈ ప్రశ్న కూడా వారానికొకటి వస్తుంది.

ఇక దిగుమతి సంగతి. 2003 ప్రాంతంలో ఇక్కడి రైతుకు పచ్చికాయ కిలోకు మూడు వేల రూపాయలకు పైగా పలికింది. తోటలకు రాత్రి కాపలాలు పెట్టారు, కుక్కల్ని పెంచారు. రెండు మూడేళ్లలో అదే కాయ వంద రూపాయల దరిదాపులకు పడింది. పైగా వేరుకుళ్లు తెగులు. వనిల్లా తీసేసి మిరియాలు పాకించుకున్నవాళ్లు మళ్లీ ఇటు రాలేదు. 2017లో ధర ఎగిరినప్పుడు కొందరు తిరిగి మొదలుపెట్టినా, అప్పటికి వాళ్ల దగ్గర తీగలే లేవు. పచ్చికాయ ఐదారు కిలోలు క్యూర్ చేస్తే ఒక కిలో వస్తుంది కాబట్టి, ఆ కొద్ది పంట క్యూరింగ్ అయ్యేసరికి ఇంకా కొద్దిదైపోతుంది. ఎక్కువ సరుకు కావాలన్నవాళ్లకు మడగాస్కర్, ఉగాండా, ఇండోనేషియా కాయ తప్పదు.

ఎసెన్స్ బాటిల్ ఇంత చవకైతే, పొడికి ఇంత ధరా?

మంచి కాయలో కూడా వనిలిన్ రెండు శాతం దాకానే ఉంటుంది. అంటే కిలో కాయలో 20 గ్రాములు. ఎసెన్స్‌లో వాడేది కృత్రిమ వనిలిన్, అది దాదాపు నూటికి నూరు శాతం వనిలినే. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు దాన్ని తయారుచేసి చూపించారు. ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే గ్వాయకాల్ అనే రసాయనంతో చేస్తారు. ఆ 20 గ్రాముల కృత్రిమ వనిలిన్ ఖరీదు టీ డబ్బుల్లో తేలిపోతుంది. కాయలో వనిలిన్‌తో పాటు ఇంకా వందల రకాల సువాసన పదార్థాలుంటాయి. మిగతా ధరంతా వాటిదే, ఆ పుల్ల పట్టుకున్న చేతిదే.

మా సరుకు అమ్ముకునేవాణ్ణే అయినా ఒక మాట చెప్తాను. చాక్లెట్ కేక్‌కు, కాఫీ బిస్కెట్‌కు అసలు పొడి వాడటం దండగ. కోకో ముందు అది నిలవదు. అయ్యంగార్ బేకరీ తరహా స్పాంజికి కూడా ఎసెన్సే అలవాటు, జనం నాలుకకు ఆ వాసనే కేక్ వాసన. పొడి పనికొచ్చేది పాలు, మీగడ, గుడ్డు ఎక్కువగా ఉండి, వేరే రుచి ఏదీ గట్టిగా లేని చోట: ఐస్‌క్రీమ్, కస్టర్డ్, బటర్ కుకీలు, చీజ్‌కేక్.

మంచి పొడో కాదో ఇంట్లో ఎలా తెలుస్తుంది?

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ధర ఆకాశంలో ఉన్న రోజుల్లో మా సొంత కాయ చాలక, ఒక వ్యాపారి దగ్గర మడగాస్కర్ పొడి ఐదు కిలోలు కొన్నాను. బజారు కంటే కాస్త తక్కువకే ఇచ్చాడు. సంచి విప్పగానే షెడ్డంతా ఘుమఘుమ. నేనూ మురిసిపోయి ముగ్గురు కస్టమర్లకు పంపాను. వారానికి ఒక పార్లర్ ఆయన ఫోన్ చేశాడు, ఆయనది కదిరి. "ఏమన్నా, ఇది ఎసెన్స్ మాదిరే ఉంది కదా, నువ్వేమో కాయ పొడి అని చెప్తివి." ల్యాబ్‌కు పంపితే తేలింది. వనిలిన్ బోలెడంత ఉంది, దానితో పాటు సహజంగా ఉండాల్సిన మిగతావి ఆనవాళ్లకే ఉన్నాయి. పిప్పికి వనిలిన్ చల్లారు. ఆ వ్యాపారి ఫోన్ ఎత్తడం మానేశాడు, ముగ్గురికీ డబ్బు నేనే వెనక్కిచ్చాను.

అప్పటి నుంచి మేం చేసే పరీక్ష పాలది. ఒక కప్పు చక్కెర లేని గోరువెచ్చని పాలలో అర గ్రాము పొడి వేసి, మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. కృత్రిమ వనిలిన్ కలిపినదైతే మొదటి గుటకలోనే వాసన గుప్పున కొట్టి, మింగాక ఏమీ మిగలదు, ఒక్కోసారి చిన్న చేదు తగులుతుంది. అసలుదైతే మొదట్లో అంత కొట్టదు. మింగాక గొంతులో ఎండుద్రాక్ష, కొంచెం పొగ, కొంచెం కలప లాంటి రుచి నిలుస్తుంది. ఉత్త పిప్పి అయితే పాలు పాలలాగే ఉంటాయి, అడుగున నల్ల చుక్కలు చేరతాయి.

ఇంకోటి, తెల్ల కాగితం మీద చిటికెడు పొడి వేసి వేలితో గట్టిగా రుద్దండి. అసలు పొడి సన్నటి జిడ్డు మరక వదులుతుంది. పిప్పి బొగ్గు పొడిలా పొడిపొడిగా జారిపోతుంది. ఇవి ఇంటి పరీక్షలే. లక్షల సరుకు కొనేవాళ్లు ల్యాబ్ రిపోర్టు అడగాల్సిందే, అందులో వనిలిన్ ఒక్కటే కాకుండా, అసలు కాయలో దానితో పాటు సహజంగా ఉండే పారా హైడ్రాక్సీ బెంజాల్డిహైడ్, వనిలిక్ ఆసిడ్ కూడా చూడమని చెప్పండి. వాటి మధ్య నిష్పత్తిలోనే దొంగ దొరుకుతాడు.

బిల్లులో ఏం చూడాలి?

హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, అంటే పన్ను కోసం సరుకు ఏ రకమో చెప్పే అంకె. పూర్తి కాయకు 0905 10, పొడికి 0905 20, జీఎస్టీ 5 శాతం. బిల్లు మీద 3302 ఉంటే అది ఫ్లేవర్ మిశ్రమం, 2912 ఉంటే నేరుగా వనిలిన్ రసాయనం. వాటికి జీఎస్టీ 18 శాతం. లేబుల్ మీద పెద్దక్షరాలతో ప్యూర్ అని ఉండి బిల్లులో 3302 ఉన్నవి నా కళ్లతో చూశాను. లేబుల్ డిజైన్ చేసేవాడు వేరు, బిల్లు కొట్టేవాడు వేరు మరి.

డాలర్ పెరిగితే మీరూ పెంచుతారా?

పెంచుతాం, కానీ అదే రోజు కాదు. దిగుమతి కాయ ధర డాలర్లలోనే తేలుతుంది. దాని మీద కస్టమ్స్ సుంకం, అది సరుకు పుట్టిన దేశాన్ని బట్టి మారుతుంది, ఆపైన విమాన సరుకు రవాణా. కాయ ధర పడిన రోజుల్లో ఈ మిగతా ఖర్చులు అలాగే ఉంటాయి. అందుకే అక్కడ సగానికి పడితే ఇక్కడ సగం కాదు. "అక్కడ పడింది కదా" అని గూగుల్ చూపించి బేరమాడేవాళ్లకు ఇదే జవాబు.

ఏ నెలలో కొంటే చవక?

మడగాస్కర్‌లో కోత జూన్ నుంచి ఆగస్టు మధ్య. క్యూరింగ్ అయ్యి కొత్త సరుకు కదిలేది సుమారుగా అక్టోబరు తర్వాత. మన కాయ కోత ఎక్కువగా నవంబరు నుంచి జనవరి దాకా, సరుకు చేతికి వచ్చేది వేసవి దగ్గర్లో. బెంగళూరు గిరాకీ చూస్తే క్రిస్మస్ కేకులకు నవంబరు, డిసెంబరు, ఐస్‌క్రీమ్‌కు ఫిబ్రవరి నుంచి మే. ఆగస్టు, సెప్టెంబరుల్లో మా దగ్గర బేరం కాస్త మెత్తగా ఉంటుంది. అంతకు మించి సీజన్ లెక్కలు పనిచేయవు. సంవత్సరానికీ సంవత్సరానికీ మధ్య తేడా ముందు నెలల మధ్య తేడా ఎంత!

ఇప్పుడు చవగ్గా ఉంది కదా, రెండేళ్లకు సరిపడా కొని పెట్టుకోవచ్చా?

పొడి అయితే వద్దు. పట్టిన రోజు నుంచీ దాని వాసన గాలిలోకి పోతూనే ఉంటుంది. ఆరు నెలలకు సరిపడా కంటే ఎక్కువ మేం ఎవరికీ అమ్మం, అడిగినా ఇవ్వం. కొని పెట్టుకోవాలంటే కాయ కొనండి. గాలి చొరని డబ్బాలో, చీకట్లో పెట్టి, నెలకోసారి తెరిచి చూసుకుంటే కాయ ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. కాయ మీద సూదుల్లాంటి తెల్లటి మెరుపు కనబడితే భయపడి పారేయకండి. అది వనిలినే స్ఫటికంగా పైకి తేలడం. దూదిలా ఉండి, ముక్క వాసన వస్తే మాత్రం బూజే, ఆ కాయ పక్కనున్న కాయల్ని కూడా తీసేయండి.

కాయ కొని ఇంట్లో మిక్సీలో పట్టుకోవచ్చా?

పట్టుకోవచ్చు. ముక్కలుగా కోసి, ఓవెన్‌లో 50 డిగ్రీల దగ్గర, విరిస్తే టప్పున విరిగేదాకా ఆరబెట్టండి. చట్నీ జార్ వాడండి, పెద్దది వద్దు. పది సెకన్లు తిప్పి ఆపడం, మళ్లీ పది సెకన్లు. ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి వాసన సగం వంటింట్లోనే ఖర్చయిపోతుంది. టీ జల్లెడతో జల్లించి, పైన మిగిలిన పీచు చక్కెర డబ్బాలో వేసేయండి.

రాబోయే ఏడాది ధర పెరుగుతుందా?

జోస్యం చెప్పను. నేను చూసే గుర్తులు చెప్తాను. జనవరి నుంచి మార్చి దాకా మడగాస్కర్ ఈశాన్య తీరం మీదికి తుపాను ఏదైనా వస్తోందా అని వాతావరణ వార్తలు చూస్తాను. కోత తేదీల మీద ప్రభుత్వం పట్టు సడలించిందా అన్నది ఇంకోటి. దొంగల భయానికి రైతులు లేత కాయ కోస్తే బరువు ఉంటుంది, వనిలిన్ ఉండదు. ఆ ఏడు ధర తక్కువగా కనబడినా, అసలు సారానికి లెక్కేస్తే ఖరీదైనదే. అక్కడి రైతులు పచ్చికాయ మీద సూదులతో తమ గుర్తు పొడుస్తారు, ఎండాక కూడా ఆ చుక్కలు కనబడతాయి. మాకొచ్చిన బస్తాల్లో అలాంటి కాయ కనబడినప్పుడల్లా పక్కన తీసి పెడతాను. డ్రాయర్‌లో ఇప్పటికి ఓ ముప్పై ఉన్నాయి, పొడి పట్టబుద్ధి కాలేదు.

ఇంకొకటి: పదేళ్లు ధర పడుకుని ఉన్నప్పుడే తోటలు పోయాయి, ఆ తర్వాతే ధర లేచింది. ఇప్పుడు మళ్లీ శిరసి వైపు ఇద్దరు తీగలకు నీళ్లు పెట్టడం మానేశారు.

శాంపిల్ ఇస్తారా?

ఇస్తాం. పది గ్రాములు, డబ్బు అక్కర్లేదు. షెడ్డుకే వచ్చి చూసుకుంటే ఇంకా మంచిది, గ్యాస్ స్టవ్ ఉంది. పాలు మాత్రం మీరే తెచ్చుకోండి, మేం పెట్టిన పాలలో ఏదో కలిపామని తర్వాత అనకుండా.